ఇంటి చెయ్యి

పెద్ద విల్లు ఆ పొద్దున కూడా చెవి దాకా రాలేదు.

గడ్డం దగ్గర ఆగిపోయింది. అక్కడి నుంచి చెవికి జానెడు దూరం కూడా ఉండదు. కానీ ఆ కాస్త జాగాలో రాత్రికి రాత్రి ఎవరో గోడ కట్టి పోయినట్టుంది. రేఖ ఎడమ చేత్తో వింటిని ముందుకు నెట్టింది. కుడి మోచేతిని వెనక్కి, ఇంకా వెనక్కి తీసుకుపోయింది. వీపులో రెక్కల ఎముకలు రెండూ దగ్గరికొచ్చి, ఒకదాన్నొకటి పలకరించుకునేంత దూరంలో ఆగాయి. వెదురు కిర్రుమంది. అంతే. కాసేపు ఆ లేని గోడకు ఆనుకున్నట్టు నిలబడి, మెల్లగా దించింది.

బాణం పెట్టకుండా నారిని వదిలేస్తే విల్లు పగులుతుంది. అందుకని గుంజినంత కష్టమూ పడి మళ్ళీ దించాలి. నిజానికి గుంజడం కంటే దించడమే చేతులను ఎక్కువ తింటుంది. ఈ మధ్య తాను బాగా నేర్చుకున్నది ఏదైనా ఉంటే అది దించడమేనని రేఖకు అనిపించింది. బయోడేటాలో రాసుకోవచ్చు.

ఇంటి వెనక గడ్డివాము, దాని వెనక ఒడ్డు, ఒడ్డు కింద ప్రాణహిత. పుష్యమాసంలో ఆ వేళకు నది ఉండదు, మంచు ఉంటుంది. అవతలి ఒడ్డు ఉండదు, దానితో పాటు తెలంగాణ మొత్తం ఉండదు. ఆ తెల్లటి దాంట్లోంచి ఒక కొంగ అరుపో, ఎవరిదో మోటారు చప్పుడో కలలో మాటలాగా తేలి వచ్చి, ఇంకా వినబోయేసరికి ఆరిపోతుంది. రేఖకు ఆ వేళలో తాను లేచిందో, లేచినట్టు కల కంటోందో సరిగ్గా తెలిసేది కాదు. భుజాలు నొప్పి పుట్టాకే తెలిసేది.

"బాపూ, ఇది శ్రావణంల వచ్చింది. నువ్వే చూసినవ్. చెవి దాక వచ్చింది."

"వచ్చింది," అన్నాడు ఆదయ్య. గడ్డివాముకు వీపు ఆనించి, రగ్గులోంచి ముక్కూ బీడీ మాత్రం బయటపెట్టి కూర్చున్నాడు.

"మరి ఇప్పుడేమైంది?"

"చలి బిడ్డా. చలికి నాకు లేవుడే వస్తలేదు. ఇగ దానికేం వస్తది."

"జోకులొద్దు. ఎల్లుండి బాణం."

"ఎరుకే."

రేఖ విల్లును గోడకు ఆనించి వేళ్ళు చూసుకుంది. పాత చెప్పు తోలు ముక్క కట్టుకున్నా నడిమి వేళ్ళు రెండూ ఎర్రగా ఉబ్బాయి. రోజూ వరస ఒకటే. మొదట పిట్టల విల్లు, చేలో పిట్టల్ని కొట్టేది. దానితో ఒళ్ళు వేడెక్కాక నడిమిది. ఊపిరి సర్దుకున్నాక పెద్దది. జింగనూర్ నుంచి తెచ్చిన నల్ల వెదురు, నారి కూడా వెదురు బద్దదే. పిట్టల విల్లు ఇప్పుడు చేతిలో పుల్లలాగా ఉంది. నడిమిది చెప్పినమాట వింటుంది. పెద్దది మాత్రం శ్రావణంలో ఒప్పుకుని, కార్తీకంలో నసిగి, ఇప్పుడు ముఖం మీదే తలుపేసింది.

వాళ్ళ ఊరికి పొలం తక్కువ, గంగ ఎక్కువ. ప్రాణహితను అక్కడ అందరూ గంగ అనే అంటారు. వానలు పోయి నీళ్ళు అవతలి ఒడ్డుకు ఒదిగాక, ఇవతల తెల్లటి ఇసుక తేలుతుంది. ఆ ఇసుకకు పట్టా లేదు. ఈ ఏడు ఉన్నచోట పై ఏడు ఉండదు. అలాంటిదాన్ని పంచుకోవడానికి ఊరు ఒక పద్ధతి పెట్టుకుంది. ఒడ్డున ప్రతి ఇంటికీ ఒక హద్దు. పుష్యంలో ఒక పొద్దున ఇంటికొక్క బాణం. నీ హద్దులో నిలబడి, నీ ఇంటి వింటితో కొట్టిన బాణం ఎక్కడ నాటుకుంటే అక్కడి దాకా నీ దోసతోట. దూరం పడితే తోట నీళ్ళ అంచును తాకుతుంది, చేత్తో తోడితే చెలిమె ఊరుతుంది. దగ్గర పడితే ఎండిన ఇసుకే. నీ బాణానికి అవతల మిగిలిన తడి ఇసుక పక్క హద్దువాళ్ళది. మరీ ఎగబడి నీళ్ళలో కొట్టావా, ఆ బాణం గంగది. అలా బాణం గురుతు లేని ఇల్లు ఆ ఏడు అందరిలోకీ పొట్టి తోటతో సర్దుకోవాలి. ఆ ఒక్క పొద్దున తప్ప ఇసుక మీద ఎవరూ బాణం వేసి చూడకూడదు.

లారీకి వడ్ల బస్తాలు ఎక్కిస్తుంటే ఆదయ్య భుజం జారినప్పటి నుంచి వాళ్ళింటి బాణం పిట్టల వింటితోనే పోతోంది. పోతోంది అనడం కూడా మర్యాదకే. ఒడ్డు దిగి పడుకుంటోంది. "ఆదయ్యది తోట గాదు, చాప" అని ఊళ్ళో పేరు పడింది. ముందున్న తడి ఇసుకంతా పక్కింటి ఐలన్నది. రేఖ తల్లి చిన్నక్క కడవలు పట్టుకుని ఆయన తోట దాటి నీళ్ళకు పోవాలి. "బావా, రెండు కడవలు ముంచుకుంట" అని రోజూ అడగాలి. "ముంచుకో మరదలా, నేనేమన్న వద్దంటనా" అని ఆయన రోజూ అనాలి. ఐలన్న ఎన్నడూ వద్దనలేదు. అడగకుండా ఎన్నడూ పోనీయలేదు.

పోయిన ఎండాకాలం ఒకనాడు ఆయన ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. తల్లి ఖాళీ కడవలతో హద్దు దగ్గర నిలబడింది. కాళ్ళ కింద ఇసుక కాలుతుంటే ఒక కాలు మీద నుంచి ఇంకో కాలు మీదకు మారుతూ, ఆయన మాట ఎప్పుడు అయిపోతుందా, ఎప్పుడు అడుగుదామా అని చూస్తోంది. ఒడ్డు మీద నుంచి చూసింది రేఖ. అరవడానికి నోరు తెరిచింది గానీ ఏమని అరవాలో దొరకలేదు. ఆయన ఏ తప్పూ చేయడం లేదు మరి, ఫోన్ మాట్లాడుతున్నాడు. ఆ సాయంత్రమే పిట్టల విల్లు దించి బూజు దులిపింది.

*

సిరోంచ బస్టాండు పక్కన ఒక ఆన్‌లైన్ సెంటర్‌లో రేఖ పని. చంద్రపూర్‌లో కంప్యూటర్ డిప్లొమా చేసి వచ్చి, ఇక్కడ జనాల వేలిముద్రలు మిషన్ ఒప్పుకునేదాకా తుడుస్తూ కూర్చుంటుంది. ఈ మధ్య ఆమె వేలిముద్రలే మిషన్ ఒప్పుకోవడం లేదు. కాయలు కాశాయి.

మధ్యాహ్నం ఐలన్న కొడుకు ఆనంద్ వచ్చాడు, రీచార్జికి. జిమ్‌కు పోతాడని చెప్పక్కర్లేకుండా చలికాలం కూడా సగం చేతుల బనీనే వేస్తాడు. ఈ ఏడు వాళ్ళింటి బాణం అతనిదే.

"ఏం చెల్లె, వింటి ప్రాక్టీసు ఎట్ల నడుస్తుంది?"

"నడుస్తలేదు అన్నా, కూసుంది."

"జిమ్‌కు రారాదు? సార్‌కు నేను చెప్త. వీపుకు మంచి మిషన్ ఉన్నది."

"ఎల్లుండికి చేస్తదా?"

"ఎల్లుండికి దేవుడు గూడ చెయ్యడు." కౌంటర్ మీద మోచేతులు పెట్టి గొంతు తగ్గించాడు. "ఒకటి చెప్పనా? గోనెసంచి తడిపి రాత్రంత వింటికి చుట్టు. మెత్తగైతది. మా తాత చేసేటోడట."

"నువ్వు చేస్తవా?"

"నాకెందుకు?" అని కండ చూపించాడు. చూపించాక తనకే సిగ్గేసి కిందకు దించాడు. మంచివాడే, అదే అతనితో కష్టం.

సాయంత్రం రేఖ చేపలమ్మే ఆమె దగ్గర కొక్కెం కాటా అడిగి తెచ్చింది. శ్రావణంలో కూడా అదే కాటాతో తూచింది. దూలానికి వింటిని కట్టి, నారికి కొక్కెం తగిలించి, బాణం పొడవు దాకా కిందకు గుంజితే ముల్లు ఎక్కడ నిలుస్తుందో అదే వింటి బరువు. అప్పుడు ఇరవై కిలోల దగ్గర నిలిచింది. ఇప్పుడు కాటాకు చేపల వాసన అలాగే ఉంది గానీ ముల్లు ఇరవై దాటింది, ఇరవై అయిదు దాటింది, ఇంకా వణుకుతూ ముందుకే పోయింది.

"బాపూ! కాటా పాడైంది."

ఆదయ్య వచ్చి చూశాడు. జవాబు వంటింట్లోంచి వచ్చింది.

"కాటాకేమైతది? వానల్ల అది కొట్టంల ఉండె. దీపావళి కాంగనె పొయ్యి మీద అటకకెక్కిచ్చిన, పురుగు పడ్తదని," అంది చిన్నక్క రొట్టె చరుస్తూ. "నాలుగు నెలల వాన తడి పొయ్యింది దాంట్లకెళ్ళి."

రేఖ నారి నుంచి కొక్కెం విప్పింది. ఇన్నాళ్ళుగా రాత్రుళ్ళు తన చేతులు దారంలాగా సన్నబడిపోతున్నట్టు, నారి పట్టుకుంటే అవే తెగిపోతున్నట్టు కలలు వచ్చేవి. పొద్దున లేచి జబ్బలు తడుముకునేది.

"నేను తగ్గలే," అంది మెల్లగా.

"నువ్వు తగ్గలే. అది పెరిగింది," అన్నాడు ఆదయ్య. "వానల్ల నువ్వు గుంజింది నానిన అప్పడాన్ని."

"మరి చెప్పవేందే బాపూ! నెల రోజుల సంది పరేషాన్ అయితున్న."

"చెప్తే ఇగ చాలనుకుంటవని."

"ఆయనకెరుక లేదు," అంది వంటింట్లోంచి చిన్నక్క. "అప్పుడే యాదికొచ్చింది ఆయనకు, నేను చెప్పినంక."

ఆదయ్య బీడీ కోసం జేబు తడుముకున్నాడు.

*

తెలిసినంత మాత్రాన భుజాలకు బలం రాదు. ఒక్క రోజు మిగిలింది. తల్లి పడుకున్నాక రేఖ గోనెసంచి తడిపింది.

పొద్దున తండ్రీ కూతురూ ఊరి వెనక వరి కోసిన పొలానికి పోయారు. మంచు మోకాళ్ళ దాకానే ఉంది. గెనాలు, ఆ పొలం గట్లు, దాని మీద పడుకున్న పాముల్లాగా తేలుతున్నాయి. నిన్నటి దాకా ఎండిన వింటితో, గడ్డం దాకానే గుంజి కొట్టిన బాణాలన్నీ అక్కడ కూలిపోయిన తాటిమొద్దు చుట్టూ పడేవి. ఆ మొద్దు దాటాలనే ఆమె ఆశ.

తడిసిన విల్లు చెవి దాకా వచ్చింది. వెన్నలాగా వచ్చింది. రేఖకు కళ్ళు తిరిగినంత సంతోషం కలిగింది. వదిలింది.

బాణం బయలుదేరింది. నిద్రలేచి బడికి పోతున్న పిల్లగాడిలాగా బయలుదేరింది. మొద్దు దాకా కూడా పోలేదు. సగం దారిలో, అడిగినవాళ్ళు లేరన్నట్టు మంచులో కూర్చుంది.

ఆదయ్య నడుచుకుంటూ పోయి బాణం తీసుకుని, దాని మట్టి తుడుచుకుంటూ తిరిగి వచ్చాడు.

"చెవి దాక వచ్చింది గద?"

"వచ్చింది."

"బాణానికి గా సంగతి ఎవరు చెప్పాలె?"

రేఖ వింటిని కింద పెట్టి గెనం మీద కూలబడింది. ఏడుపు వచ్చేలా ఉంది, నవ్వూ వచ్చేలా ఉంది. రెండూ ముక్కు దగ్గరే ఆగాయి.

ఇంటికొచ్చాక చిన్నక్క వింటిని ముట్టుకుని చూసి, రొట్టెల కర్ర చేత పట్టుకునే బయటికి వచ్చింది. "ఎవరు తడిపిండ్రు దీన్ని? నీకు మతి ఉన్నదా పొల్లా? పొయ్యి మీద పెట్టేవ్, పటుక్కున పగుల్తది!"

ఆ రోజంతా ఆదయ్య వింటితోనే గడిపాడు. మంచాన్ని ఎండలోకి లాగి, దాని మీద వింటిని పడుకోబెట్టి, బీడీ అయిపోయినప్పుడల్లా అటు ఒకసారి ఇటు ఒకసారి తిప్పాడు. ఎండ జరిగినకొద్దీ మంచం జరిపాడు. మధ్యాహ్నం ఇప్పనూనె చుక్క అరచేతిలో వేసుకుని, మంచి చేత్తో పైనుంచి కింది దాకా రుద్దాడు. పనికి రాని చెయ్యి కూడా ఊరికే ఉండలేక పక్కన వేళ్ళు ఆడించింది. రేఖ సెంటర్‌కు సెలవు చెప్పి గడప మీద కూర్చుంది. చలికాలపు ఎండ కళ్ళ మీద బరువుగా పడుతోంది. కునుకులో ఆమెకు విల్లు ఊపిరి తీస్తున్నట్టు, ఊపిరి తీసినప్పుడల్లా దాంట్లోంచి తెల్లటి ఆవిరి లేచి గంగ వైపు పోతున్నట్టు కనిపించింది.

పొద్దు గూకేముందు ఆదయ్య వింటి నడుము మీద గోటితో కొట్టి, చెవి పెట్టి విన్నాడు. మళ్ళీ కొట్టాడు.

"ఏమంటుంది?"

"పలుకుతుంది. తడి పొయ్యింది," అన్నాడు. "జర ఇటు రా. ఒక్క మాట చెప్త. రేపు నువ్వు దాన్ని గుంజకు."

"గుంజకుంట ఎట్ల కొడ్త?"

"నారిని పట్టుకోని ఊకో. వింట్లకు నువ్వే దూరు. తలుపుల దూరినట్టు. గట్ల పోతుంటిమి మేము." చెప్పి, తన మాట తనకే నమ్మకం లేనట్టు తల గోక్కున్నాడు. "ఏమో. నాకు చెప్పుడు రాదు. పొయ్యి తిను."

*

మరునాడు మంచు ఎప్పటికంటే చిక్కగా దిగింది. ఒడ్డు మీద ఊరంతా ఉంది గానీ, గొంతులే తప్ప మనుషులు లేరు. దగ్గరికొస్తే ఒక రగ్గు, ఒక మఫ్లరు, ఒక చాయ గిలాస. ఇసుక నాలుగడుగుల తర్వాత తెల్లగా కరిగిపోతోంది. నీళ్ళు ఎక్కడున్నాయో ఎవరికీ కనిపించడం లేదు. నిన్నటిదాకా దూరాన్నే ఉన్నాయి కదా అని అందరి లెక్క.

హద్దులు తెలిసిన బీరమ్మ ఒక పీట మీద కూర్చుంది. ఊళ్ళో అందరికీ ఆమె పెద్దవ్వే.

"మంచు జర తేలనీ పెద్దవ్వా," అన్నాడు ఎవరో.

"పొద్దు పొడిస్తే కొట్టాలె. మంచు అందరికి ఒక్కతీరే ఉన్నది," అంది బీరమ్మ, ఇసుక మీదకు పసుపు చల్లి.

ఒక్కొక్క ఇల్లూ వచ్చింది. బాణాలు మంచులోకి దూరి మాయమయ్యాయి. ఎక్కడ పడ్డాయో మంచు తేలాక చూసుకోవాలి. ఐలన్న ఇంటి వంతు వచ్చినప్పుడు ఆనంద్ చొక్కా కూడా విప్పాడు. నారిని ఒక్క ఊపున చెవి దాకా లాగి వదిలాడు. బాణం గుయ్యిమంటూ పోయిన తీరుకే జనం ఈలలు వేశారు. ఆ ఈలల్లో అది పడ్డ చప్పుడు ఎవరికీ వినిపించలేదు.

"ఆదయ్య ఇల్లు," అంది బీరమ్మ.

రేఖ హద్దులోకి అడుగుపెట్టింది.

"ఏందిది?" అన్నాడు ఐలన్న. "ఆదయ్యా, నువ్వు కొడ్తవనుకున్న. ఆడపిల్లతోని కొట్టిస్తే ఎట్ల చెల్తది? ఎన్నడన్న ఉన్నదా?"

"ఇంటి చెయ్యి కొట్టాలె అన్నరు," అంది బీరమ్మ, చాయ ఊదుకుంటూ. "చెయ్యి అన్నరు గని మీసం అనలే. కొట్టు బిడ్డా, చాయ చల్లగైతుంది."

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అంతా నిశ్శబ్దమైంది. ఆడపిల్ల గుంజుతుంటే చూడాలన్న కుతూహలం ఈలల కంటే గట్టిది.

రేఖ బాణం సంధించింది. వింటిని ఎత్తింది. గుంజలేదు. నారిని పట్టుకుని ఊరుకుంది, ఎడమ భుజాన్ని ముందుకు పోనిచ్చి, తలుపు సందులోంచి పక్కకు తిరిగి దూరినట్టు దూరింది. నారి ఛాతీ దాటింది. గడ్డం దగ్గరికొచ్చింది. ఇక్కడే గోడ ఉంటుందని ఒళ్ళంతా ముందే బిగుసుకుంది. గోడ లేదు. ఎవరో తీసేసి పోయారు. నారి పెదవిని రాసుకుని, చెంప మీదుగా, చల్లగా వచ్చి చెవి పక్కన నిలబడింది.

అక్కడ చాలా ప్రశాంతంగా ఉంది. ఆ సంగతి ఎవరూ ఆమెకు చెప్పలేదు. ఇరవై అయిదు కిలోల పైన బరువు రెండు చేతుల మధ్య వేలాడుతుంటే, మధ్యలో తాను మాత్రం ఏ బరువూ లేకుండా ఉంది. వెదురు సన్నగా, చెవిలోనే, చీమ నడిచినట్టు పలుకుతోంది. వీపు వెనక నుంచి ఎండ మొదటి పోగు వచ్చి భుజం దాటి మంచు మీద పడింది. మంచు అక్కడ పల్చబడి, రెండుగా విడిపోయింది.

నీళ్ళు కనిపించాయి.

అనుకున్నంత దూరంలో లేవు. పైనెక్కడో వాన పడి వచ్చాయో, రాత్రికి రాత్రి పాయే మళ్ళిందో, బాగా ఇవతలికి జరిగి, ఇసుక మీద పల్చగా మెరుస్తున్నాయి. వాటికి అవతల, లోతులో ఆనంద్ బాణం ఉంది. ఇనుప మొన కిందికీ ఈకలు పైకీ పెట్టుకుని, నిలువునా తేలుతూ, ఎవరితోనూ పని లేనట్టు కాళేశ్వరం దిక్కుకు పోతోంది.

చెవి దాకా వచ్చిన ఈ విల్లు ఎంత దూరం కొడుతుందో రేఖకు తెలియదు. ఎన్నడూ కొట్టింది లేదు. కానీ గడ్డం దాకా వచ్చింది ఎంత దూరం కొడుతుందో తెలుసు. తాటిమొద్దు. నీళ్ళ అంచు సరిగ్గా అంతే దూరంలో ఉంది.

వేళ్ళు వదిలేద్దామంటున్నాయి. ఇన్ని నెలల తర్వాత చేరిన చోటు. ఒక్కసారి వదిలితే చాలు, ఆ బాణం గంగ మీద నుంచి ఎక్కడికి పోతుందో ఊరంతా చూస్తుంది. ఆదయ్య కూతురు చెవి దాకా గుంజిందని ఆమెకు పిల్లలు పుట్టేదాకా చెప్పుకుంటారు. తోట మాత్రం చాపే అవుతుంది.

దించింది.

చెవి నుంచి చెంపకు. భుజాలు మండాయి. చెంప నుంచి పెదవికి. ఎవరో "అయ్యో" అన్నారు. గడ్డం దగ్గర ఆపింది. అలా జారుతూ వదిలితే బాణం వంకరపోతుంది, మళ్ళీ వీపు బిగించాలి, మళ్ళీ నిలబడాలి. బిగించింది. ఒక ఊపిరి నిలబడింది. వదిలింది.

మంచు తేలిపోతున్న ఇసుక మీద బాణం నల్లటి గీతలాగా పోయి, నీళ్ళకు ఇవతల, తడికి నల్లబడ్డ చోట చిక్ మని నాటుకుంది. ఈకలు కాసేపు ఊగాయి.

"అరెరె, చెయ్యి జారింది!"

"జారి జారి ఏడ వడ్డది చూడు!"

"నసీబంటే గిది."

మంచు పూర్తిగా లేచాక ఎవరి బాణం ఎక్కడుందో అందరికీ కనిపించింది. ఆనంద్ ఇసుకంతా వెతికి, ఆఖరుకు నీళ్ళలో చూశాడు. దూరంగా రెండు ఈకలు తిరుగుతూ పోతున్నాయి. ఐలన్న తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. చలిలో చెమట ఎందుకొచ్చిందో మరి.

ఆనంద్ చొక్కా వేసుకుంటూ రేఖ దగ్గరికొచ్చాడు. గుండీలు తప్పు కాజాల్లో పడుతున్నాయి.

"జారింది గద చెల్లె?"

అడిగిన తీరులో ఎగతాళి లేదు. అవునంటే బాగుండునన్నట్టు అడిగాడు. రేఖ తండ్రి వైపు చూసింది. ఆదయ్య సరిగ్గా ఆమె వెనకే నిలబడ్డాడు, నారి ఎక్కడిదాకా వచ్చిందో అతనికి కనిపించకుండా ఉండదు. అతను వెలిగించని బీడీ నోట్లో పెట్టుకుని, రగ్గు ముక్కు దాకా లాక్కున్నాడు. కళ్ళలో నవ్వును మాత్రం ఆపలేకపోయాడు.

"ఔ అన్నా," అంది రేఖ. "జారింది."

ఐలన్న భార్య రాజుబాయి చిన్నక్క పక్కకు జరిగింది. "అయితే ఈ ఏడు నీళ్ళకు మేము మిమ్ముల అడగాల్నా ఏందే?"

"అడుగు," అంది చిన్నక్క. "ఒక్కనాడన్న అడుగక్కా, ఎట్ల ఉంటదో నేను గూడ చూస్త."

రాజుబాయి నవ్వాలో వద్దో తెలియక, నవ్వేసింది.

ఇంటి ఆడది పోయి బాణం పీకి, అది చేసిన గుంతలోనే మొదటి గింజలు వెయ్యాలి. చిన్నక్క కొంగులో దోసగింజలు కట్టుకుని ఇసుక మీదుగా నడిచింది. వెనకే రేఖ, రెండు చేతులూ చంకల్లో దాచుకుని. దాచకపోతే అవి ఆగడం లేదు, దులిపిన చెట్టులాగా ఊగుతున్నాయి. కాళ్ళ కింద ఇసుక మొదట పొడిగా, తర్వాత చల్లగా, తర్వాత మెత్తగా మారింది. చిన్నక్క బాణం పీకింది. గుంతలోకి నీళ్ళు ఊరి, అంచు దాకా వచ్చి, ఆకాశం ముక్క ఒకటి పెట్టుకుని నిలబడ్డాయి. ఆమె గింజలు వేసింది. అవి మునగలేదు. తేలి, ఒకదాని చుట్టూ ఒకటి తిరిగాయి.

చిన్నక్క వంగి చూసింది. లేచి కూతురు వైపు చూసింది.

"ఏందే గిది? ఇంత నీళ్ళల్ల ఎవరు కొట్టుమన్నరే నిన్ను? గింజ మురుగదా? జర ఇవతలికి కొట్టరాదా?"

రేఖ నవ్వడం మొదలుపెట్టింది. ఎంత నవ్వితే చేతులు అంత వణికాయి.

"నవ్వుతవేందే! నవ్వుతది సూడు," అని గొణుగుతూనే చిన్నక్క తేలుతున్న గింజల్ని ఒక్కొక్కటే ఏరుకుంది. మూరెడు వెనక్కి జరిగి, వేలితో ఇంకో గుంత పొడిచి, గింజలు వేసి, ఇసుక కప్పింది. తర్వాత గంగ అంచుకు పోయి, ఎవరి వైపూ చూడకుండా, నింపాదిగా చేతులు కడుక్కుంది.